కీసర కొలిమి దగ్గర రెండు చాకులు

మడత చాకు మంచిచెడ్డలు తెలుసుకోవాలంటే అమ్మేవాడికన్నా ఇనుము కాల్చేవాడిని అడగడం మేలనిపించి కీసర దారి పట్టాను. హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగేవాళ్ళలో చాలామందికి కీసర అంటే ఒక టోల్ గేటు, ఒక మునేరు వంతెన. 2023 జులైలో మునేరు పొంగి పక్కనున్న ఐతవరం దగ్గర జాతీయ రహదారి మునిగితే ఆ పేరు టీవీల్లో మోగింది. 2022 ఏప్రిల్ నుంచి ఊరు ఎన్టీఆర్ జిల్లా కిందికి వచ్చినా, పెద్దవాళ్ళు కృష్ణా జిల్లా అనే అంటారు.

ఊళ్ళో కమ్మరి ఆచారిగారి కొలిమి రేకుల పాకలో ఉంది. తోలు తిత్తులు పోయి, వాటి స్థానంలో కరెంటు బ్లోయరు వచ్చింది. దాగలి, సమ్మెట, పట్టకార్లు మాత్రం తండ్రి నాటివేనట. తొలకరికి ముందు రోజులు కావడంతో మొద్దుబారిన గడ్డపారలు, గొడ్డళ్ళు, పిడి ఊడిన కొడవళ్ళు గుమ్మం ముందు కుప్పగా పడి ఉన్నాయి. పాక మూల లారీల కమాను పట్టీల ముక్కలు పేర్చి ఉన్నాయి. కత్తి చెయ్యాలంటే ఆయనకు అదే సరుకు.

"హైవే మీద లారీలు తిరిగినంత కాలం మాకు ఉక్కుకు లోటు లేదండీ," అన్నారు.

నా దగ్గర రెండు చాకులున్నాయి. ఒకటి పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో కొన్నది. చెక్క పిడి, పల్చటి బ్లేడు. బ్లేడు పక్కన ఉన్న చిన్న గాడిలో గోరు పెట్టి లాగితే తెరుచుకుంటుంది, వెనక ఉన్న స్ప్రింగు పట్టీ దాన్ని నొక్కి పట్టుకుంటుంది. రెండోది మా బావమరిది డాలస్ నుంచి తెచ్చిచ్చిన ఫ్లిప్పర్ చాకు. మూసి ఉన్నప్పుడు పిడి వెన్ను మీద చిన్న ముక్క ఒకటి పైకి పొడుచుకుని ఉంటుంది. చూపుడువేలితో దాన్ని వెనక్కి నొక్కితే బ్లేడు ఒక్క దూకుతో బయటికొచ్చి లాక్ అవుతుంది. రెండో చెయ్యి అక్కర్లేదు.

ఆచారిగారు నొక్కగానే టక్‌మంది. కొడవలి కాల్పించుకోడానికి వచ్చి పక్కన కూచున్న రైతు ఒకడుగు వెనక్కి జరిగాడు. "ఏంది బాబాయ్, సినిమాల్లో రౌడీల బటన్ చాకా?" అన్నాడు.

"బటన్ చాకయితే లోపల స్ప్రింగుండాల. ఇందులో లేదురా," అన్నారాయన. వెలుతురుకు పట్టి, పిడి లోపలి ఇనుప రేకు మీద ఆవగింజంత గుండును గోటితో తడిమి చూపించారు. చాకు మూసి ఉన్నప్పుడు ఆ గుండు బ్లేడు మొదట్లో ఉన్న గుంటలో కూచుంటుంది. వేలు నొక్కితే బ్లేడు వెంటనే కదలదు, గుండు అడ్డుపడుతుంది. వేలి బలం ఆ అడ్డును మించగానే బ్లేడు ఒక్కసారిగా వదులైపోతుంది. చిటిక వేసేటప్పుడు వేళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుని జారితే చప్పుడు ఎలా వస్తుందో ఇదీ అంతే. ఆ పట్టు సడలితే ఫ్లిప్పర్ పనికిరాదు. బ్లేడు సగంలో ఆగుతుంది, జేబులో తనంతట తాను తెరుచుకునే ప్రమాదమూ ఉంది. కొట్లో ఈ చాకు కొనేవాళ్ళు అన్నిటికన్నా ముందు చూడాల్సింది దీన్నే. చాకును తల్లకిందులుగా పట్టి విదిలించినా బ్లేడు కదలకూడదు.

ఆచారిగారు దాన్ని ఇంకోసారి మూసి తెరిచి, "ఇదేం కొత్తండీ, మంగలి కత్తి తోకే గదా," అన్నారు.

నాకు తట్టని మాట అది. పాత మంగలి కత్తికి ఇరుసు అవతల వంకర తోక ఉంటుంది. దాన్ని వేలితో నొక్కే కత్తి తెరుస్తారు. జపాన్‌లో పంతొమ్మిదో శతాబ్దం చివర పుట్టిన హిగోనోకామి చాకుకూ అలాంటి తోకే ఉంది, బొటనవేలితో నొక్కుతారు. వీటిలో ఇరుసు బిగువు తప్ప లాకూ ఉండదు, గుండూ ఉండదు. అమెరికాలో కిట్ కార్సన్ అనే మాజీ సైనికుడు 1990ల చివర్లో ఈ తోకను లాక్ ఉన్న చాకులకు పెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. దానికి తోడుగా, పిడి లోపలి రేకే బ్లేడును పట్టి ఉంచే లైనర్ లాకుకు ఇప్పటి రూపం ఇచ్చింది మైకేల్ వాకర్, 1980ల మొదట్లో. ఆ తర్వాత ఇరుసులో బేరింగులు చేరాయి.

చూపులు చాలు, పని చేయించి చూద్దామన్నాను. రైతు మోపెడ్ మీద యూరియా బస్తా ఉంది. ఎడమ చేత్తో బస్తా మూతి పట్టుకుని, కుడి చేత్తో ఫ్లిప్పర్ తెరిచి పురికోస తెంపాడు. తిరునాళ్ళ చాకయితే బస్తా వదిలి రెండు చేతులూ పెట్టాలి. డ్రిప్ పైపు కోసేటప్పుడు కూడా అదే తేడా. చెట్టెక్కి ఒక చెయ్యి కొమ్మకు అంకితం చేసినవాడికీ, లారీ మీద టార్పాలిన్ తాడు పట్టుకున్న క్లీనరుకూ, ఒంటి చేత్తో తెరుచుకునే చాకు విలాసం కాదు.

మామిడికాయ దగ్గర కథ తిరగబడింది. ఫ్లిప్పర్ బ్లేడు వెన్ను దళసరి, మూడు మిల్లీమీటర్లకు పైనే. కాయలోకి దిగుతూ కోయడం కన్నా చీల్చడం ఎక్కువ చేసింది. చెక్క పిడి చాకు మాత్రం తొక్కను పల్చగా పొరలు పొరలుగా తీసింది. ఎలా తెరుచుకుంటుందో చెప్పడానికి కంపెనీలు ఎంత కష్టపడతాయో, బ్లేడు ఎంత దళసరిగా ఉందో చెప్పడానికి అంత కష్టపడవు. ఇంట్లో, బడిలో, ఆఫీసులో చాకు పని అంటే తొంభై పాళ్ళు పండ్లూ, ప్లాస్టిక్ కవర్లూ, అట్టపెట్టెలే. వాటికి పల్చని అంచే కావాలి. అక్కడ ఫ్లిప్పర్ వేగానికి పనేమీ ఉండదు.

ఇక దుమ్ము. ఇది పత్తి, మిరప పండే మెట్ట ప్రాంతం. పత్తి నూగు, మిరప పొడి, మునేరు ఇసుక జేబులోకి రాని రోజుండదు. బేరింగుల ఇరుసులో నూగు చేరితే ఆ టక్కు కాస్తా మూగబోతుంది. స్టార్ ఆకారపు స్క్రూ విప్పే పనిముట్టు ఊళ్ళో ఎవరి దగ్గరుంటుంది? తిరునాళ్ళ చాకును ఆచారిగారు కాస్త కిరసనాయిలులో ఆడించి, రివిట్టు మీద సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి ఇచ్చేశారు.

కానీ లాక్ విషయంలో ఆయన నిర్మొహమాటంగా ఫ్లిప్పర్ పక్షం వహించారు. తిరునాళ్ళ చాకుకు లాక్ లేదు. గట్టి కొమ్మలోకి పొడిస్తే బ్లేడు వెనక్కి ముడుచుకుని వేళ్ళ మీద పడుతుంది. అలా తెగిన మచ్చ రైతు చూపుడువేలి మీదే ఉంది. ఫ్లిప్పర్ తెరుచుకున్నాక ఆ తోక ముక్క పిడి కిందికి వచ్చి, చెయ్యి అంచు మీదికి జారకుండా అడ్డు నిలుస్తుంది. పొరపాటున మడతపడినా అంచుకన్నా ముందు ఆ మొద్దు ముక్కే వేలికి తగులుతుంది. నా లెక్కలో తోక అసలు విలువ వేగంలో లేదు, ఇక్కడుంది. ఫ్రాన్స్‌లో 1890 నుంచి చేస్తున్న ఒపినెల్ చాకుకు 1955లో తిప్పే ఉంగరం లాకు పెట్టారు. పల్చని బ్లేడూ లాకూ రెండూ కావాలన్నవాళ్ళకు అది ఇప్పటికీ మంచి బేరం.

తర్వాత ఉక్కు సంగతి. ఫ్లిప్పర్ మీద డీ2 అని చెక్కి ఉంది. అందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం, క్రోమియం పన్నెండు శాతం. కమాను పట్టీలో కర్బనం అరశాతం పైచిలుకు. డీ2 పదును చాలాకాలం నిలుస్తుంది, పోతే మాత్రం మామూలు సానరాయి మీద ఓ పట్టాన రాదు. ఆచారిగారు తన కమాను పట్టీ కత్తినీ, ఫ్లిప్పర్‌నూ రాయి మీద రుద్ది, "ఇది మాట వింటది, అది వినదు," అని తేల్చేశారు.

ఒకటిన్నర శాతం కర్బనం మనకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు దాదాపు ఆ కోవలోదే. దానికోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారు. మన దేశం నుంచి వెళ్ళిన అలాంటి ఉక్కు ముద్దల మీద 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. ఆ పరీక్షల కోసం జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు ఆ ఉక్కును సాగగొట్టి చేసింది పెన్‌నైఫ్, అంటే జేబు చాకు. తర్వాత అదే స్టోడార్ట్‌తో కలిసి మైకేల్ ఫారడే ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. ఫారడే తండ్రి కమ్మరి అని చెబితే ఆచారిగారు బ్లోయరు కట్టేసి మరీ విన్నారు.

"మరి మీరు మడత చాకు చెయ్యరా?" అనడిగాను.

"చెయ్యొచ్చు. రివిట్టూ, పట్టీ కుదర్చడానికే పూట పడుతుంది. తిరునాళ్ళలో దొరికే ధరకు నాకు బొగ్గు ఖర్చు కూడా రాదు." ఆ మాట మీద బేరమాడే మొహం నాకు లేదు.

చట్టం సంగతీ చెప్పాలి. ఆయుధాల నిబంధనలు (2016) తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు, లేదా రెండంగుళాలకు మించిన వెడల్పు బ్లేడున్న కత్తులను ఆయుధాలుగా లెక్కిస్తాయి. ఇంటికీ, సేద్యానికీ చేసినవి అందులోకి రావు. జేబు చాకులు ఈ కొలతలకు చాలా లోపలే ఉంటాయి. ఢిల్లీలో మాత్రం 1980 నాటి ఉత్తర్వు ప్రకారం 7.62 సెంటీమీటర్లూ ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లూ ఆపైన వెడల్పు ఉన్న స్ప్రింగు, బటన్ చాకులకు లైసెన్సు కావాలి. ఫ్లిప్పర్‌లో స్ప్రింగు లేదన్నది నిజమే. ఆ గుండూ గుంటా వివరమంతా రాత్రిపూట నడిరోడ్డు మీద కానిస్టేబులుకు చెప్పి ఒప్పించడం వేరే కళ. బ్రిటన్‌లో చదువుతున్న పిల్లలకు చాకు పంపేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ లాక్ లేని, మూడంగుళాల లోపు అంచున్న మడత చాకుకే కారణం చెప్పనక్కర్లేని వెసులుబాటు ఉంది. లాక్ ఉంటే తగిన కారణం చూపాలి. అంటే అక్కడ వీధిలో చెల్లేది తిరునాళ్ళ చాకు, ఫ్లిప్పర్ కాదు.

నా తీర్పు ఇది. పని మధ్యలో ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీ ఉండనివాళ్ళు, పొలం, లారీ, కరెంటు పనివాళ్ళు, ఫ్లిప్పర్ కొనుక్కోండి. అయితే బేరింగులు లేని, మామూలు వాషర్ల ఇరుసుదీ, వెన్ను పల్చనిదీ చూసుకోండి. మిగతా వాళ్ళకు గోటితో తెరిచే చాకు చాలు, లాక్ ఉంటే మరీ మంచిది. ఏది కొన్నా గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు చెకిన్ పెట్టెలోనే పెట్టండి, చేతిసంచిలో ఉంటే తనిఖీ దగ్గర వదిలెయ్యాల్సిందే.