టికెట్ మీద రెండున్నర గంటలు

అన్న దుబాయ్ టికెట్ తీసుకోవటానికి మేం ఐదుగురం హైదరాబాద్ పాతబస్తీకి పోయాం. ఒక్క టికెట్‌కు ఐదుగురు ఎందుకని అడగొద్దు, మా తండాలో అట్లనే పోతారు. ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సు. 300 కిలోమీటర్లకు ఏడు గంటలు పట్టింది. ఇమ్లీబన్‌లో దిగి నయాపూల్ దాటి, మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ దాకా నడిచాం. లాడ్‌బజార్ గాజుల ముందు నిలబడిన యాడిని కదిలించేసరికి మరో అరగంట.

ట్రావెల్స్ దుకాణం ఒక సందులో ఉంది. ఆయన ఉర్దూలో చెప్పాడు. మా గోర్‌బోలికి ఆ మాట దగ్గరే కాబట్టి యాడికి కూడా అర్థమైంది. పొద్దున పదికి ఎక్కితే పన్నెండున్నరకు దిగుడు.

"రెండున్నర గంటలే? మనూరి కన్నా దగ్గరే గదా!" అంది యాడి. ఆమె మొఖం తేటబడింది. మేం కూడా నమ్మాం.

ఇంటికొచ్చాక తమ్ముడు భూగోళం పుస్తకం తీశాడు. మన గడియారం 82½ డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, దుబాయ్‌ది 60 డిగ్రీల మీద. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన అక్కడ గంటన్నర వెనక. అంటే ప్రయాణం నాలుగు గంటలు, దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. తిరుగు టికెట్ మీద మాత్రం అదే ప్రయాణం ఐదున్నర గంటలుగా కనిపిస్తుంది. నిజానికి పైన గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి వచ్చేటప్పుడు ఇంకా తొందరగా, మూడున్నర గంటలకే దిగొచ్చు. సార్లు ఈ లెక్కను టికెట్ చూపించి చెబితే పిల్లలు మరిచిపోరు.

మా తాతల తాతలు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగారు. వాళ్లకు దూరమంటే ఎద్దు నడిచినంత. మాకు దూరమంటే ఏమిటో బాపు పోయిన రోజు తెలిసింది.

అన్న తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. పది పాస్ కానివాళ్లు కూలికి గల్ఫ్ పోవాలంటే 1983 వలస చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ కాగితాలకే మొదట నెలలు పట్టాయి. రెండేళ్ల ఒప్పందం. పాస్‌పోర్టు పని ఇచ్చినాయన బీరువాలో. పొద్దున ఫోన్ చేసి బాపు లేడని చెప్పాం. అన్న సెలవు అడిగాడు, పాస్‌పోర్టు అడిగాడు, టికెట్ పైసలు అప్పు అడిగాడు. మేం సాయంత్రం దాకా చూసి బాపును సాగనంపాం.

తొమ్మిదో రోజు వచ్చాడు. యాడి ఏడవలేదు. "విమానం ఎన్ని గంటలు పట్టింది బేటా?" అని అడిగింది. మూడున్నర అన్నాడు.

తమ్ముడు ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో పది చదువుతున్నాడు. వాడూ దుబాయ్ అంటున్నాడు. పరీక్ష ఫీజు కట్టారా అని యాడి నిన్న కూడా అడిగింది.