చంటిబిడ్డతో మంచుకొండకు

సైన్యంలో కొడుకో అల్లుడో ఉన్న కుటుంబాలు మన సంఘాలలో తక్కువేమీ కాదు. సెలవు దొరకని ఏడు వారే, "మీరే రండి, మంచు చూపిస్తాం" అని కబురు పెడతారు. చంకలో బిడ్డ ఉన్నవారు వెళ్ళవచ్చునా అని ఇద్దరు ముగ్గురు విశ్వాసులు మమ్మల్ని అడిగారు. 2023 ఫిబ్రవరిలో 14 నెలల పాపతో మేము కాశ్మీరులోని గుల్మార్గ్ వెళ్ళి వచ్చాము గనుక అడుగుతున్నారు. ఉన్నది ఉన్నట్టు వ్రాస్తున్నాము.

పిలిచింది పాప మేనమామ. శ్రీనగర్‌లో ఉద్యోగం, నాలుగు రోజుల సెలవు, మాకు స్కీయింగ్ నేర్పిస్తానని ఉత్సాహం. స్కీయింగ్ అంటే కాళ్ళకు రెండు పొడవాటి సన్నని పలకలు బిగించుకుని, చేతికర్రల ఊతంతో మంచువాలు మీద జారడం. ఈ సంగతి చెబితే మా అత్తగారు, "సంక్రాంతి మంచుకే తుమ్మే పిల్లను మంచుగడ్డల మీదికి మోసుకుపోతారా?" అన్నారు. పెద్దవాళ్ళ భయాన్ని చాదస్తమని త్రోసిపుచ్చడం మాకు ఇష్టం లేదు. పాపను చూసే పిల్లల డాక్టరుగారినే అడిగాము.

ఆయన వద్దనలేదు. చలి సంగతి అందరూ అడుగుతారు గాని ఎత్తు సంగతి ఎవరూ అడగరని అన్నారు. సుమారు 2,500 మీటర్లు దాటితే ప్రాణవాయువు తక్కువైన సంగతి కొందరి శరీరాలకు తెలిసిపోతుంది. పెద్దవాళ్ళయితే తలనొప్పి అనో వికారం అనో చెప్పుకుంటారు. చంటిబిడ్డ చెప్పలేదు. ఊరికే ఏడుస్తుంది, పాలు వద్దంటుంది, నిద్రపోదు, కక్కుతుంది. "పైన ఉండగా అలా చేస్తే జలుబనీ దిష్టి అనీ సర్దిచెప్పుకోకండి. ఎత్తే కారణమనుకుని దిగిపోండి. దిగడమే మందు" అన్నారు.

విమానం దిగేటప్పుడు పాపకు పాలు పట్టాము. గుటకలు వేస్తుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది. శ్రీనగర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. డాక్టరుగారు చెప్పినట్టు అక్కడ రెండు రాత్రులు ఆగాము. సెలవులో సగం ఇక్కడే అయిపోయిందని మేనమామ గొణిగాడు. మూడవనాడు ఉదయం 50 కిలోమీటర్ల దూరంలోని గుల్మార్గ్‌కు బయలుదేరాము. మధ్యలో తంగ్‌మార్గ్ దగ్గర చక్రాలకు ఇనుప గొలుసులు కట్టిన బండిలోకి మారాలి. అక్కడినుండి 13 కిలోమీటర్ల ఘాటు రోడ్డు. పైన గుల్మార్గ్ 2,650 మీటర్లు.

పాపకు ఒంటికి అంటుకుని పలుచని ఉన్ని చొక్కా, దానిమీద స్వెట్టరు, పైన తడి ఇంకని కోటు వేశాము. చెమటకో మంచుకో తడిసిన నూలుబట్ట ఒంటి వేడిని లాగేస్తుంది గనుక బనియన్లు వేయలేదు. బిగుతు బూట్లు వేస్తే రక్తం ఆడదు. అందుకని వదులు మేజోళ్ళు వేశాము. చేతులు ముట్టుకుంటే ఎప్పుడూ చల్లగానే ఉంటాయి, మెడ వెనుక చేయి పెట్టి చూస్తే బిడ్డకు చలి వేస్తుందో లేదో తెలుస్తుంది. మనం నడుస్తుంటాము, మనకు వేడి పుడుతుంది. సంకలో ఉన్న బిడ్డ కదలదు గదా! వీపున సంచిలో వేసుకుంటే కాళ్ళు వ్రేలాడి తిమ్మిరెక్కుతాయి, ముఖం మనకు కనబడదు. అందుచేత ముందువైపు, శాలువా లోపల ఎత్తుకున్నాము. ఎండ సంగతి కూడా మరువరాదు. క్రొత్త మంచు సూర్యుని అతినీలలోహిత కిరణాలను నూటికి 80 వంతుల దాకా తిరిగి పైకి కొడుతుంది. పాపకు నల్ల కళ్ళజోడు పెట్టాము. అయిదు నిమిషాలకోసారి పీకిపారేసింది, మేము తిరిగి పెట్టాము.

సైన్యానికి చెందిన హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ గుల్మార్గ్‌లోనే ఉంది. 1948లో స్కీ పాఠశాలగా మొదలైందట. అక్కడి కుర్రాళ్ళు పక్షుల్లా జారుతుంటే చూడముచ్చటగా ఉంది. మేము మాత్రం వంతులవారీగా నేర్చుకున్నాము. ఒకరు పలకలు కట్టుకుంటే ఒకరు పాపను ఎత్తుకోవాలి. యూరపు దేశాలలో సాధారణంగా మూడేళ్ళు నిండాకే పిల్లలకు స్కీలు కడతారు, అంతకన్న చిన్నవాళ్ళకు శిశుగృహాలు ఉంటాయి. ఇక్కడ అటువంటిది మాకు కనబడలేదు. పాప తల్లి రెండు గజాలు జారి నిలబడింది. పాప తండ్రి నిలబడకముందే జారాడు. సంఘంలో ఈ మాట ఎలాగూ ప్రాకింది గనుక ఇక్కడ దాచి లాభం లేదు. బల్లబండి లాగే మనిషి వచ్చి పాపను ఎక్కించమని బ్రతిమాలాడు. బోల్తాపడితే పట్టుకునే వీలు లేదని ఎక్కించలేదు గాని, ఎండలో నిలబడ్డ ఆ మనిషికి టీ ఇప్పించాము.

మధ్యాహ్నం సెయింట్ మేరీస్ చర్చి దగ్గరికి నడిచాము. 1902లో ఆంగ్లేయుల కాలంలో కట్టినది. చుట్టూ మోకాటిలోతు మంచు. గుమ్మం ముందు నిలబడి మన సంఘాల కొరకు, సరిహద్దుల్లో కావలికాసే మన పిల్లల కొరకు ప్రార్థించాము.

సాయంత్రం అయిదింటికి పాప పాలు త్రాగలేదు. ఆరింటికి కక్కింది. ఎత్తుకున్నా ఏడుపే. ఒళ్ళు వెచ్చగా లేదు, దగ్గు లేదు.

తెల్లవారితే కేబుల్ కారు ఎక్కాలి. గుల్మార్గ్ నుండి కొంగ్‌డూరికి, అక్కడినుండి సుమారు 3,950 మీటర్ల ఎత్తున ఉన్న అఫర్వత్ అంచుకు. టికెట్లు మేనమామ తన జీతంలోనుండి ముందే కొన్నాడు. "బావగారూ, ఒక్క రాత్రి చూద్దాం. ప్రయాణం బడలికేమో. మళ్ళీ మీరు ఇంత దూరం ఎప్పుడొస్తారు?" అన్నాడు. అతని మాటలో స్వార్థం లేదు, అక్కకు ఆ కొండ చూపించాలనే ఆశ. బడలికే కావచ్చు కూడా. కాని కాకపోతే?

ఏశావు తనతో కలిసి నడవమన్నప్పుడు యాకోబు ఏమన్నాడో ఆదికాండము 33వ అధ్యాయంలో ఉంది. పిల్లలు లేతవాళ్ళు, పాలిచ్చే పశువులున్నాయి, ఒక్కరోజు వడిగా తోలితే మంద చస్తుంది, నీవు ముందు వెళ్ళు, నేను పిల్లల అడుగుకు తగినట్టు నిదానంగా వస్తానన్నాడు. ఇరవై ఏళ్ళ తరువాత కలిసిన అన్న పిలుపును కూడా బిడ్డల నడక కోసం ప్రక్కన పెట్టాడు. ఈ భాగం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాము గాని, అది ఆ గదిలో వినబడినట్టు ఎన్నడూ వినబడలేదు.

"దిగుదాం" అన్నది పాప తల్లి. మేనమామ ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరువాత లేచి గొలుసుల బండి కోసం పరుగెత్తాడు. ఆ చీకట్లో 13 కిలోమీటర్లు దిగడానికి గంటకు పైగా పట్టింది. ఒక్కో మలుపుకు ప్రభువును తలచుకున్నాము. తంగ్‌మార్గ్ సుమారు 2,200 మీటర్లు.

బసలో ఇంటి యజమానురాలు ఎంతో ప్రేమతో బుఖారీ వెలిగించింది. అది కట్టెలపొయ్యి, పొగగొట్టం ఉంటుంది. పాప ప్రక్కన పెట్టుకోమని కాంగ్రీ కూడా తెచ్చింది. కాంగ్రీ అంటే అల్లిన బుట్టలో నిప్పుల కుండ. కాంగ్రీని దండం పెట్టి తిరిగి ఇచ్చాము. మూసిన గదిలో నిప్పులుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాశ్మీరులో చలికాలాల్లో ఇట్లా కుటుంబాలు పోయాయి. గది వెచ్చబడగానే బుఖారీ ఆర్పించి, కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి పడుకున్నాము. రజాయి పాప తలమీదికి రాకుండా వంతులవారీగా మేలుకున్నాము. తెల్లవారి నాలుగింటికి పాప తానే తల్లి కొంగు లాగి పాలు త్రాగింది.

ఉదయం మేనమామ చేతిలోని రొట్టె ముక్క లాక్కుని తిన్నది. టికెట్ల డబ్బు తిరిగి రాలేదు. ఆనాడు మేము మళ్ళీ పైకి వెళ్ళలేదు. తంగ్‌మార్గ్ రోడ్డు ప్రక్కన, ఎండ పడినచోట కూర్చోబెడితే పాప గుప్పెడు మంచు పట్టుకుని, అది నీళ్ళయిపోతుంటే చేతివైపు, మా వైపు మార్చి మార్చి చూసింది. మేనమామ ఇంకో గుప్పెడు అందించాడు.