రెండవ దొంగతనం

పూర్వం దొంగ సొమ్ము ఎత్తుకొనిపోతే వ్యవహారం అంతటితో ముగిసేది. పోగొట్టుకొన్నవారిని అతడు మళ్ళీ పలకరించవలసిన అవసరం ఉండేది కాదు. స్మార్ట్‌ఫోను ఆ పద్ధతిని మార్చింది. 2013 నుండి ఐఫోన్లలోను, 2015 నుండి ఆండ్రాయిడ్ ఫోన్లలోను యజమాని ఖాతాతో ముడిపడిన తాళం ఒకటి వచ్చింది. లోపలి సమాచారమంతా చెరిపివేసినా, తాళం తీయనిదే ఆ ఫోను కొత్తవారికి పనికిరాదు. దానిని విడిభాగాలుగా అమ్ముకోవలసిందే. ఖాతా పాస్‌వర్డు దొరికితే మాత్రం మంచి ధర పలుకుతుంది. అందుకే దొంగ తిరిగి వస్తాడు.

సికింద్రాబాదులో సిటీబస్సు ఎక్కుతూ ఐఫోను పోగొట్టుకొన్న ఒక యువ అధ్యాపకురాలికి ఈ సంగతి తెలియదు. అయినా చేయవలసిన పనులన్నీ ఆమె చేసింది. పాత సిమ్ ఆపించి అదే నంబరుకు కొత్తది తీసుకొన్నది. బ్యాంకుకు తెలిపి యూపీఐ నిలిపివేయించింది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ ప్రతితోను, ఫోను పెట్టెమీది పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్యతోను కేంద్రప్రభుత్వపు సీఈఐఆర్ వ్యవస్థలో నమోదు చేసింది. 2023లో దేశమంతటా అందుబాటులోకి వచ్చిన ఈ ఏర్పాటువల్ల, పోయిన ఫోనులో ఇక్కడి ఏ సిమ్ వేసినా పనిచేయదు. ఖాళీ పెట్టెను అటకమీద దాచిన తండ్రి చాదస్తం ఆనాడు అక్కరకు వచ్చింది.

ఇంత చేసినా ఆమె మనసు కుదుటపడలేదు. అంతకు ముందు సంవత్సరం మరణించిన తల్లి మాటలు కొన్ని ఆ ఫోనులో ఉన్నాయి. దొరికినవారు పిలుస్తారేమోనని, తమ్ముడి ఫోను సాయంతో తన నంబరును పోయిన ఫోను తెరమీద కనబడేట్లు చేసింది. దొంగకు అదే చాలింది.

అయిదవ నాడు సందేశం వచ్చింది. ఫోను దొరికినదట, ఉన్నచోటు చూడడానికి లంకె నొక్కాలట. ఇంట్లో మూలపడి ఉన్న పాత ఫోనులో ఆమె ఆ లంకె తెరిచింది. కంపెనీ గుర్తుతో, అదే రంగులతో పుట ప్రత్యక్షమైంది. పాస్‌వర్డు ఇచ్చింది. ఆమెను తెలివితక్కువదని అనడం తేలిక. కానీ ఆ సందేశం పరీక్షించినది ఆమె తెలివిని కాదు, ఆశను. తరువాత ఆ పుట ఆరంకెల సంకేతం అడిగింది. అది ఆమె నంబరుకు నిజంగానే వచ్చింది.

"అక్కా, ఎవరికీ చెప్పవద్దని ఇందులోనే ఉంది, చూడు" అన్నాడు తమ్ముడు.

ఆ ఆరు అంకెలు కూడ ఇచ్చి ఉంటే ఖాతా దొంగ వశమయ్యేది. తల్లి గొంతు కూడ అతని చేతిలో పడేది. ఆమె వెంటనే ఆ పుట మూసి, కంపెనీ చిరునామాను స్వయంగా టైపు చేసి, పాస్‌వర్డు మార్చింది. ఈమెయిలుకు కూడ అదే పాస్‌వర్డు ఉన్నందున దానినీ మార్చవలసి వచ్చింది. తెలియని పరికరాలేవైనా ఖాతాలో చేరాయేమో వెదకింది. డబ్బు పోయి ఉంటే క్షణం జాగు చేయక 1930కి ఫోను చేయవలసి ఉండేది. సొమ్ము చేతులు మారకముందే ఆపితేనే ప్రయోజనం. ఇటువంటి మోసానికి సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ళవరకు జైలుశిక్ష ఉన్నది. దొంగ దొరికితేనే గదా శిక్ష!

తల్లి మాటలు ఖాతాలో భద్రంగానే ఉన్నాయని ఆ రాత్రి తెలిసింది. ఫోను మాత్రం దొరకలేదు. మరుసటి నెలలో ఇంకా రెండు సందేశాలు వచ్చాయి. రెండవది బెదిరింపు: ఫోనును ఖాతానుండి తొలగించకపోతే అందులోని సమాచారమంతా అమ్మివేస్తామని. తొలగిస్తే తాళం ఊడుతుందని అప్పటికి ఆమెకు తెలుసు. ఆమె తొలగించలేదు.