సైకిల్ గంట కిస్సా

చిన్నప్పుడు చూసిన ఒక జాసూసీ సీరియల్ ఎపిసోడ్ కోసం చాలా ఏళ్లు వెతికాను. సీరియల్ పేరు గుర్తు లేదు. యాద్ ఉన్నవి మూడే ముక్కలు. ఒకటి: రోడ్డు మీద నడుస్తున్న మనిషి పక్కన సైకిల్ గంట ట్రింగ్‌మంటుంది, మనిషి అక్కడే కూలిపోతాడు. రెండు: ఖాతిల్ సూదితో చంపుతాడు. మూడు: ఆఖర్న ఒక తమ్ముడు అన్న కాళ్లు పట్టుకుని మాఫీ అడుగుతాడు.

అది కర్నూలు పాతబస్తీ. ఇషా అయ్యాక మొహల్లాలో సగం మంది మా ఇంటికే. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ. సీరియళ్లన్నీ హిందీలో. చుట్టుపక్కల తెలుగువాళ్లకి హిందీ రాదు కాబట్టి తర్జుమా పని మా అమ్మీది. బియ్యంలో రాళ్లేరుకుంటూ, టీవీ వైపు ఒక కన్నేసి, చెప్తూ పోయేది. ఆ రోజు పక్కింటి అక్క, "కాంటా అంటే తూకమేసే కాంటానా?" అనడగడం, అమ్మీ నవ్వి, "కాదక్కా, ముల్లు. దారిలో ముల్లు" అనడం కూడా బాగా గుర్తు.

ఇంకొకటి కూడా గుర్తుంది. ఆ రోజుల్లో అబ్బాకీ చాచాకీ మాటల్లేవు. దాదా వదిలిపోయిన ఇంటి హిస్సా గురించి జగడా. ఆంగన్ మధ్యలో గోడ కట్టాలని చాచా, కట్టనివ్వనని అబ్బా. ఇద్దరూ ఒకే మస్జిదుకి పోయేవాళ్లు, వేరే వేరే సఫ్‌లలో నిలబడేవాళ్లు. చాచా ఇంట్లో టీవీ లేదు. సీరియల్ టైముకి వచ్చి, లోపలికి రాకుండా గడప మీద కూర్చునేవాడు. అబ్బా అటు చూసేవాడు కాదు. అమ్మీ మాత్రం ఏమీ అనకుండా చాయ్ పంపేది.

నేను పెద్దయ్యాక వెతుకులాట మొదలైంది. జాసూస్ అనగానే అందరూ కరంచంద్ పేరే చెప్పారు. అది 1985 నాటిది, పంకజ్ కపూర్ క్యారెట్ నములుతూ కేసులు తేల్చేది. దొరికినవన్నీ చూశాను, గంట లేదు. విజయ్ ఆనంద్ 'తహకీకాత్' తిరగేశాను, అందులోనూ లేదు. పైగా 'సూది' అనగానే మన దగ్గర ఇంజెక్షనే కదా. కాబట్టి ఖాతిల్ డాక్టరై ఉంటాడని నా యకీన్. అందర్నీ అలాగే అడిగాను: డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చి చంపేస్తాడు, తమ్ముడు చేయిస్తాడు, ఏ సీరియల్? ఎవరికి తెలుస్తుంది!

ఆఖరికి ఆఫీసులో ఒక బెంగాలీ సాథీతో చాయ్ దగ్గర అన్నాను. సైకిల్ గంట అనగానే ఆయన నవ్వాడు. "అది ఇంజెక్షన్ కాదు భాయ్, గ్రామఫోన్ పిన్ను. బ్యోమ్‌కేశ్ బక్షీ."

1993లో దూరదర్శన్‌లో వచ్చింది. బాసు చటర్జీ తీశారు. రజిత్ కపూర్ బ్యోమ్‌కేశ్, కె.కె. రైనా ఆయన దోస్త్ అజిత్. అసలు కథ శరదిందు బంద్యోపాధ్యాయ్ 1932లో బెంగాలీలో రాసింది. ఎపిసోడ్ పేరు 'రాస్తే కా కాంటా'. గ్రామఫోన్‌లో రికార్డు మీద తిరిగే ఉక్కు పిన్ను ఉండేది కదా, దాన్ని సైకిల్ గంటలో దాచిన స్ప్రింగుతో పేల్చి గుండెలో దించుతాడు ఖాతిల్. గంట చప్పుడులో ఆ చప్పుడు కలిసిపోతుంది. అమ్మీకి గ్రామఫోన్ పిన్నుకి తెలుగు మాట దొరక్క 'సూది' అనేసింది. నేను దాన్ని పట్టుకుని ఇన్నేళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగాను.

ఆ రాత్రే యూట్యూబ్‌లో చూశాను. గంట మోగినప్పుడు ఒళ్లు జలదరించింది. 'దారిలో ముల్లు తీయించుకోవాలంటే ఫలానా చోట దీపస్తంభం దగ్గర నిలబడండి' అని పేపర్లో ఇష్తిహార్. పిన్ను జేబుగడియారానికి తగిలి బతికిపోయిన ఆశుబాబు. అన్నీ ఉన్నాయి. వీలునామా ఉంది, వకీలు ఉన్నాడు. తమ్ముడు మాత్రం లేడు. మాఫీ అసలే లేదు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. లేడు.

అమ్మీని అడుగుదామంటే ఆమె మర్‌హూమా అయి మూడేళ్లు. అబ్బా అంతకుముందే వెళ్లిపోయారు. మిగిలింది చాచా. ఫోన్ చేశాను.

"ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది కదరా" అన్నాడు.

అది నాకు బొత్తిగా గుర్తు లేదు.

"పోయింది. అందరూ లేవబోతే మీ అమ్మీ కందీలు వెలిగించి, కూర్చోండి, మిగతాది నాకు తెలుసు, నేను చెప్తా అనింది. తమ్ముడే అన్నని చంపమన్నాడంట, గడియారం అడ్డమొచ్చి అన్న బతికినాడంట, తమ్ముడు వచ్చి కాళ్ల మీద పడినాడంట."

"నీకప్పుడే తెలుసా చాచా, అది అమ్మీ కల్పించిందని?"

"కరెంటు పోయినాక సీరియల్ ఎట్ల నడుస్తుందిరా? మాకు చెప్పింది అది. నా దిక్కూ చూడలేదు, మీ అబ్బా దిక్కూ చూడలేదు. కందీలు వత్తి సర్దుతా చెప్పింది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? గోడ కట్టలేదని కాదు. మూడేళ్లకి పెద్దలు కూర్చుని హిస్సా తేల్చినాక కట్టినాం. కానీ ఆ రాత్రి లేచి పోయేటప్పుడు నేను భాయ్‌కి సలాం చెప్పినా. ఆయన జవాబిచ్చినాడు. అంతే."

గోడ సంగతి నాకు తెలుసు. దానికి చిన్న తలుపు పెట్టారు. దాని గొళ్లెం ఎవరూ వేసేవాళ్లు కాదు. ఈద్ రోజు షీర్‌ఖుర్మా గిన్నెలు అటూ ఇటూ దానిలోంచే పోయేవి. మామూలు గోడే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఫోన్ పెట్టేసేముందు చాచా ఆగి అడిగాడు: "అయితే అసలు ఖాతిల్ ఎవడురా? నాకు ఇప్పటిదాకా తెలీదు."

లింకు పంపాను. మనవడు ఫోన్లో పెట్టి చూపిస్తున్నాడంట. వినపడదు కాబట్టి పక్కన కూర్చుని ఆ పిల్లవాడే గట్టిగా చెప్తున్నాడంట, ఏమవుతోందో.