బొమ్మిడాయిల పులుసు

నిన్న కొల్లేటి లంకలో చేపలు పట్టే ఒక వడ్డీల ఇంట్లో భోంచేశాను. బొమ్మిడాయిలకు బూడిద రాసి, జిగురు పోయేదాకా గరుకు బండ మీద రుద్దింది ఆ ఇంటి అత్త. మట్టిదాకలో పులుసు మరిగాక చేపల్ని జారవిడిచింది. ఆ తర్వాత గరిటె ముట్టలేదు. దాకను గుడ్డతో పట్టుకుని రెండుసార్లు కుదిపిందంతే. చేప ఒక్కటీ విరగలేదు!

"చింతపండు ఎంత అత్తా?"

"చేపను బట్టే కదమ్మా."

హైదరాబాద్‌లోని చెల్లి కొలతలు అడిగింది. అరకిలోకి పెద్ద నిమ్మకాయంత అని రాసి పంపాను. పైన మాత్రం 'కొల్లేటి వడ్డీల వంట' అని పేరు పెట్టాను. ఆ పేరు తీసేసి ఎవరికీ పంపొద్దని గట్టిగా చెప్పాను. కొల్లేరుకు 2002లో రాంసర్ చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. అయినా చేపల చెరువులు కమ్మేశాక సరస్సు చేపే అరుదైపోతోంది. వండేవాళ్ల పేరైనా ఉండాలి కదా.

అన్నట్టు, ఈ పులుసు రాత్రి వండి పొద్దున తినండి.