శునకమూ, గృహస్థూ

మన పురాణేతిహాసాలలో శునకానికి దక్కిన స్థానం సామాన్యమైనది కాదు. పణులు దాచిన గోవుల జాడ కనిపెట్టి ఇంద్రునికి తెలిపిన సరమ దేవతల కుక్క. మహాభారతం ఇంకా ఆరంభదశలో ఉండగానే ఆ సరమ తన కొడుకు తిన్న దెబ్బలకు కారణమడుగుతూ జనమేజయుని యజ్ఞశాలకు వచ్చి నిలుస్తుంది. ఆ మహాకథ ముగియవచ్చిన వేళ హిమాలయ మార్గంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచినది కూడ కుక్కయే. దానిని విడిచి స్వర్గానికి రానని ఆయన ఇంద్రునితో వాదించాడు. భైరవునికి కుక్క వాహనం. దత్తాత్రేయుని పాదాల చెంత నాలుగు కుక్కలు ఉంటాయి. అవి నాలుగు వేదాలని భక్తుల భావన. నేపాలులో దీపావళి పండుగ దినాలలో ఒక దినం కుక్కలదే. ఆనాడు వాటి మెడలో పూలదండ వేసి, నుదుట తిలకం దిద్ది, ఇష్టమైన ఆహారం పెడతారు.

అదే మనం ఎవరినైనా తిట్టదలచుకున్నప్పుడు మొట్టమొదట నాలుకమీదికి వచ్చే పేరు కూడ కుక్కదే. తెలుగు బాలలు కంఠస్థం చేసే సుమతీ శతకం దానిని బంగారు సింహాసనం ఎక్కించి మరీ నిందించింది. పూజలోనూ, తిట్టులోనూ ఇంతగా చోటు చేసుకున్న ఈ జంతువును గూర్చి మన కవులు ఒక్క విషయంలో మాత్రం మౌనం వహించారు. ధర్మరాజు వెంట అన్ని దినాలు నడిచిన ఆ కుక్క కాలకృత్యాలు ఎక్కడ తీర్చుకున్నదో, వాటిని ఎవరు శుభ్రం చేశారో వ్యాసభగవానుడు చెప్పలేదు. హిమాలయం విశాలమైనది; జనసంచారం లేని చోటు. అక్కడ ఆ ప్రశ్న పుట్టదు. బొంబాయి నగరంలో, దాదరు పేటలో, మూడవ అంతస్తులో కుక్కను పెంచే గృహస్థుకు ప్రతి ఉదయమూ మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న అదే.

కుక్కల విషయమై బొంబాయికి ఒక చరిత్ర ఉన్నది. 1832లో కంపెనీ ప్రభుత్వం వీధికుక్కలను చంపించడానికి పూనుకొని, చంపిన ప్రతి కుక్కకూ ఇంత అని సొమ్ము చెల్లించసాగింది. పారశీకులకు కుక్క పవిత్రమైనది. శవసంస్కారంలో మృతదేహాన్ని కుక్కకు చూపించడం వారి ఆచారం. వారు ఆగ్రహించి వీధులలోకి వచ్చారు, అంగళ్ళు మూతపడ్డాయి, పెద్ద అలజడే జరిగింది. కుక్క ప్రాణంకోసం ప్రభుత్వానికి ఎదురు తిరగగలిగిన నగరమది. కాని ప్రాణం కాపాడడానికి వీధిలోకి రావడం వేరు. ప్రతిదినమూ అదే వీధిలో దాని వెనుక నడచి, అది విడిచినదానిని వంగి తీయడం వేరు. మొదటిది ఒకనాటి శౌర్యం; రెండవది పన్నెండేళ్ళ సంసారం.

దాదరులోని ఒక గృహస్థు సంగతే చూడవచ్చును. రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. మనుమడు వర్షంలో తడుస్తున్న నాటుకుక్క పిల్లనొకదానిని చొక్కాలో చుట్టి ఇంటికి తెచ్చినప్పుడు, మరునాడే దానిని పంపివేయాలని ఆయన తీర్పు చెప్పాడు. వారం గడిచేసరికి దానికి మోతీ అని పేరు పెట్టినది ఆయనే. మనుమడు చదువుకోసం పూనా వెళ్ళిపోయాడు. మోతీ తాతగారికి మిగిలింది.

కుక్కవలన కలిగే సుఖాలను లెక్కించడం కష్టం. ఏలనన అవన్నీ చిన్నవి. ఆయన మెట్లెక్కి వచ్చే అడుగుల చప్పుడును రెండు అంతస్తుల క్రిందనే గుర్తించి తలుపు దగ్గర నిలబడే ప్రాణి ఆ ఇంట మరొకటి లేదు. కూరగాయలు తేవడానికి పోయి అరగంటలో తిరిగివచ్చినా, కాశీయాత్ర ముగించుకొని వచ్చినవానికి జరిగేటంత స్వాగతం జరుగుతుంది. శివాజీ పార్కు చుట్టూ ఉన్న పొట్టిగోడమీద సాయంకాలం కూర్చుంటే, ముప్పై ఏళ్ళుగా పలకరించుకోని ఇరుగుపొరుగువారు కుక్క మిషతో మాట కలుపుతారు. అక్కడ ఒకరి పేరు ఒకరికి తెలియదు. కుక్కల పేర్లు మాత్రమే తెలుసు. నలభై ఏళ్ళు అధికారిగా మెలగిన మనిషి ఆ గోడమీద ‘మోతీవాళ్ళ తాతగారు’ అయ్యాడు, అందుకాయన చిన్నబుచ్చుకోలేదు. తండ్రీ కొడుకుల నడుమ మాటలు సన్నగిలిన ఆ ఇంట, మోతీ ఏమి తిన్నదీ, ఎవరిని చూచి మొరిగినదీ అనే వార్తలే భోజనాల వేళ సంభాషణకు ఆధారమయ్యాయి.

చికాకులు కూడ ఇట్టివే, చిన్నవి, కాని ఎడతెగనివి. చెప్పుల జతలో ఒక్కటే కొరుకుతుంది. రెండూ కొరికితే పారవేయడానికైనా వీలుండేది. తెల్లని బట్టలమీద వెండ్రుకలు, ఆషాఢమాసంలో ఇల్లంతా తడిబొచ్చు వాసన. దీపావళినాడు టపాకాయల మోతకు స్నానాలగదిలో దూరి అర్ధరాత్రిదాకా వణుకుతుంది. దానికి తోడుగా యజమాని పీటవేసుకొని అక్కడే కూర్చోవలసి వస్తుంది. బంధువుల పెండ్లికి ఇల్లంతా కదలడానికి వీలులేదు. ఎవరో ఒకరు ఉండిపోవాలి. నగరపాలక సంస్థ అనుమతిపత్రం, ఏటేటా పిచ్చికుక్క రోగానికి టీకా. పాశ్చరు 1885లో కరవబడిన బాలునికి ఆ రోగంనుంచి రక్షణ చూపినందుకు లోకం ఆయనను స్మరిస్తున్నది గాని, సూది చూచి మంచం క్రింద దూరిన కుక్కను ఈవలికి లాగే గృహస్థును ఎవరూ స్మరించరు.

వీటన్నిటినీ ఆయన చిరునవ్వుతోనే భరించాడు. ఒక్క పని మాత్రం తనది కాదని మొదటినుంచీ ఎంచాడు. ఉదయం మోతీని వీధిలోకి తీసుకొనిపోవడానికి రత్నగిరి జిల్లానుంచి వచ్చిన ఒక కుర్రవాడిని జీతానికి కుదిర్చాడు. ఆ వీధిలో చాలమంది పద్ధతి అదే. సాయంకాలపు షికారులో గొలుసు యజమాని చేతిలో ఉంటుంది. ఉదయపు అవసరానికి నౌకరు చేతిలోకి పోతుంది. నౌకరు లేనివారు మరొక ఉపాయం నేర్చుకున్నారు. కుక్క ఒకచోట నేల వాసన చూచి, గుండ్రంగా తిరిగి, నడుము వంచే క్షణాన యజమానికి ఆకాశంలో మబ్బులు పరీక్షించవలసిన పని తగులుతుంది. కార్యం ముగిసిన పిమ్మట ఇద్దరూ ఏమీ జరగనట్లు ముందుకు సాగిపోతారు.

న్యూయార్కు నగరంలో 1978 ఆగస్టునుంచి ఎవరి కుక్క విడిచినదానిని వారే తీయాలనే చట్టం అమలులోకి వచ్చింది. ముంబయి నగరపాలక సంస్థ కూడ 2006లో చేసిన పారిశుద్ధ్య నిబంధనలలో ఇట్టి నిర్లక్ష్యానికి జరిమానా విధించింది. అయినా జరిమానా వేసేవాడు ఉదయం ఆరు గంటలకు ప్రతి వీధిమొగనూ నిలబడలేడు. ఆ వేళకు అక్కడ ఉండేది పొడుగు చీపురు పట్టుకున్న మునిసిపాలిటీ పనిమనిషి.

పశువుల పేడతో ఇల్లలికి ముగ్గుపెట్టే దేశంలో కుక్కపెంట మాత్రం ఎందుకింత సమస్య అని అడిగేవారున్నారు. ఆవు గడ్డి తింటుంది. దాని పేడ ఎరువుకూ, వంటచెరకుకూ పనికివస్తుంది. మాంసమూ, మన ఇంటి భోజనమూ తినే కుక్క విడిచినదానిలో ఏలికపాముల గుడ్లు, కొంకిపురుగుల గుడ్లు ఉండవచ్చును. తడినేలలో కొంకిపురుగు గుడ్లు పగిలి పిల్లలవుతాయి. అవి కుక్కల పాదాలగుండా దేహంలో ప్రవేశించి ప్రేగులకు చేరి రక్తం పీలుస్తాయి. వట్టికాళ్ళతో ఆడుకునే పిల్లల చర్మంలో దూరి దురదలు పుట్టిస్తాయి. ఈ పదార్థానికి ఒకప్పుడు ధర పలికిన నగరం కూడ లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దంలో లండనులోని తోళ్ళ కర్మాగారాలు చర్మాన్ని మెత్తబరచడానికి కుక్కపెంటను కొనేవి. నిరుపేదలు, వారిలోనూ ముసలివారు, వీధులవెంట దానిని ఏరి బొక్కెనలలో నింపి అమ్ముకొని బ్రతికిన వైనం హెన్రీ మేహ్యూ 1851నాటి తన గ్రంథంలో వర్ణించాడు. 1907 ప్రాంతంలో అటో రోమ్ అనే జర్మను రసాయనవేత్త అదే పనిచేసే వేరొక పదార్థాన్ని తయారుచేయడంతో క్రమంగా ఆ అవసరం తీరిపోయింది. ధర ఉన్న దినాలలోనూ, లేని దినాలలోనూ వంగిన నడుములు మాత్రం పేదవారివే.

మన దేశంలో ఈ వంగడానికి కులం కూడ తోడయింది. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభలో మరుగుదొడ్ల దుస్థితి చూచి గాంధీ ప్రశ్నించగా, అది పాకీవాని పని అని స్వచ్ఛంద సేవకులు బదులిచ్చారు. ఆయన చీపురు అడిగి తెచ్చుకొని తానే శుభ్రం చేశాడు. 1926లో అహమ్మదాబాదులో ఒక మిల్లు యజమాని అరవై కుక్కలను చంపించగా దేశమంతటా వాదోపవాదాలు చెలరేగినప్పుడు, ఆయన తన పత్రికలో వరుసగా వ్యాసాలు వ్రాశాడు. ఎంగిలిముద్ద విసిరి వీధికి వదిలివేయడం దయ కాదనీ, కుక్కను పోషించదలచినవాడు దాని బాధ్యత పూర్తిగా వహించవలెననీ ఆయన వాదం. ఈ రెండు సంఘటనలను విడివిడిగా చెప్పుకుంటాము గాని, కుక్కను పెంచేవానికి అవి రెండూ ఒకే పాఠం.

దాదరు గృహస్థుకు ఆ పాఠం వినాయక చవితికి అందింది. రత్నగిరి కుర్రవాడు పండుగకు స్వగ్రామం బయలుదేరుతూ, “సాహెబ్, మోతీకి ఒంట్లో బాగులేదు. నాలుగు రోజులనుంచి నల్లగా జిగటగా వెళుతోంది” అన్నాడు. ఆయన పత్రికనుంచి తల ఎత్తకుండానే, “అన్నం తగ్గించమని లోపల చెప్పు” అన్నాడు. మరునాడు ఉదయం గొలుసు ఆయన చేతికి వచ్చింది. పాత పత్రిక నాలుగు మడతలు పెట్టి చంకలో ఇరికించుకొని, ఎవరైనా చూస్తారేమో అని అటూ ఇటూ పరికించి, జీవితంలో మొదటిసారి వంగాడు. అది నల్లగా, తారువలె ఉన్నది. కుర్రవాని మాట అప్పుడు చెవికి ఎక్కింది. మోతీ పెదవి ఎత్తి చూచాడు. ఎర్రగా ఉండవలసిన చిగుళ్ళు సున్నంవలె తెల్లబడి ఉన్నాయి.

వీధి ఊడుస్తున్న స్త్రీ చీపురు ఆపి, “ఆ కుర్రాడు రోజూ కాగితంతో తీసి డబ్బాలో వేసేవాడు, సాహెబ్. మిగిలిన ఇళ్ళవి నేను తీస్తాను” అన్నది. ఆ మాటలో నిష్ఠురం లేదు. తన పనికి కొలత చెప్పినట్లే చెప్పింది. ఆమె రాకముందే ఎన్నో కుక్కలు విడిచినది వానలో కరిగి చెట్ల పాదులలో ఇంకిపోతుంది. ఏ ఇంటి కుక్క విడిచినదో మట్టికి తెలియదు. ఏ ఇంటి కుక్క పాదం ఎక్కాలో పురుగుకు తెలియదు.

ఆ పూటే పశువైద్యుడు చూచి కొంకిపురుగులే అన్నాడు. మందులిచ్చాడు, రక్తం పట్టడానికి టానిక్కు వ్రాశాడు. మరి కొద్దిరోజులు ఆలస్యమైతే కష్టమయ్యేదని కూడ అన్నాడు. మోతీ కోలుకున్నది. పండుగ ముగిసి కుర్రవాడు తిరిగి వచ్చేసరికి ఇంట ఉద్యోగాల పంపకం మారిపోయింది. వానికి జీతం తగ్గలేదు. బజారుపనీ, మందుల పనీ వానివి. ఉదయపు గొలుసు మాత్రం గృహస్థుదే.

నాలుగేళ్ళు ఒళ్ళో పెట్టుకొని ముద్దుచేసినవానికి తెలియని సంగతి జీతానికి నడిపించినవానికి ముందే తెలిసింది. బిడ్డ జబ్బును పొత్తిగుడ్డ చూచి తల్లి గ్రహిస్తుంది. మంచం పట్టిన వృద్ధుని స్థితి ఆయన పక్కబట్టలు మార్చేవారికి తెలిసినట్లు, గుమ్మంలో నిలిచి కుశలమడిగిపోయేవారికి తెలియదు. ప్రేమను మనం ఉంచుకొని శుభ్రతను మరొకరికి అప్పగించినప్పుడు, ప్రేమలో సగం జ్ఞానం కూడ వారితోనే వెళ్ళిపోతుంది. ఆ జ్ఞానం పోగొట్టుకొన్నవాడు తాను గౌరవం కాపాడుకున్నానని అనుకుంటాడు.

మోతీకి ఇప్పుడు పన్నెండు నిండాయి. మూడు అంతస్తులు దిగడానికి దానికి చాలసేపు పడుతుంది. కొన్ని రాత్రులు దిగేదాకా ఆగలేదు. అప్పుడది గదిమూలకు పోయి, తల గోడవైపు త్రిప్పుకొని, తప్పుచేసినదానివలె నిలబడుతుంది. ఆ ముసలి గృహస్థు దీపం వేసి, బాల్టీలో నీళ్ళు పట్టి, గుడ్డ తడిపి నేల తుడుస్తాడు. పడమటింటిలో నిద్రపోతున్న కుర్రవాడిని లేపడు. తుడవడం ముగిసిన తరువాత చేతులు కడుక్కొనివచ్చి, దాని వీపు నిమిరి, “ఫరవాలేదు, పడుకో” అంటాడు. మోతీ తోక రెండుసార్లు నేలకు కొట్టి పడుకుంటుంది.