పాదలేపము

మనుచరిత్రమందలి ప్రవరుని కథ నెఱుగని తెలుగువారరుదు. సిద్ధుడొకడు ఇంటికి వచ్చుట, పాదములకు పసరు పూయుట, ఆ బ్రాహ్మణుడు క్షణములో హిమవత్పర్వతమున నిలుచుట, మంచునకు పసరు కరగిపోవుట, ఇల్లు చేరు దారి గానక యాతడు కొండలలో తిరుగాడుట - ఇదంతయు మేము దాదాపు ఇరువదియేండ్లుగా తరగతిలో బోధించుచున్నాము. పిల్లలు వరూధినిని గూర్చి ప్రశ్నింతురు. పసరును గూర్చి ప్రశ్నించినవాడు ఇంతవఱకు లేడు. మేమును దానిని కథ నడచుటకు కావలసిన ఉపాయముగనే తలచితిమి. 2022 జూన్ నెలలో మేమే యట్టి పసరు పూసికొని హిమాలయ మెక్కితిమి. అది కరగిన రాత్రి యెట్లుండునో చూచితిమి. ఆ సంగతి చెప్పుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

వేసవి సెలవులలో మా పాఠశాల ఉపాధ్యాయులార్గురము మనాలి చేరి, రెండు కారులను డ్రైవర్లతో కూడ బాడుగకు మాటలాడుకొంటిమి. మనాలి నుండి లద్దాఖులోని లేహ్ నగరమునకు పోవు రహదారి నాలుగు వందల కిలోమీటర్లకు పైబడినది. నడుమ బారాలాచా, నకీలా, లాచుంగ్‌లా, తంగ్లంగ్‌లా అను కనుమలు దాటవలెను. టిబెటుభాషలో 'లా' యనగా కనుమ. వానిలో తంగ్లంగ్‌లా 5,328 మీటర్ల ఎత్తున నున్నది. మొదటి రాత్రి సర్చూ మైదానములోని గుడారములలో నిద్ర, రెండవ రాత్రికి లేహ్ - ఇది మా కార్యక్రమము. కాగితముమీద అది మిక్కిలి సొగసుగా నుండెను.

పూర్వము మనాలి విడిచినవారు 3,978 మీటర్ల ఎత్తుగల రోహ్తాంగ్ కనుమ నెక్కి దిగవలసియుండెను. 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల సొరంగము తెరచినప్పటినుండి ఆ శ్రమ లేదు. చీకటిలో ప్రవేశించినప్పుడు ఒక వైపున దేవదారువనములు, వెలికి వచ్చునప్పటికి చెట్టులేని కొండలు. పావుగంటలో లోకము మాఱిపోయెను. తాండీ యనుచోట చంద్రా, భాగా యను నదులు కలిసి చంద్రభాగ యగుచున్నవి. దానినే పంజాబువారు చీనాబ్ అందురు. ఋగ్వేదమున అసిక్ని యని చెప్పబడిన నది యిదియేనని మేము మిత్రులకు వివరించి, సంస్కృతము చదివినందుకు ఫలము నాడు పొందితిమి.

మా కారు నడపినవాడు లాహౌల్ ప్రాంతమువాడు, ఏబదియేండ్లు పైబడినవాడు. మధ్యాహ్నము కేలాంగ్‌లో భోజనమైన పిమ్మట అతడు మెల్లగా, "సాబ్, ఈ రాత్రి ఇక్కడ ఉండండి. రేపు జిస్పా. ఎల్లుండి పైకి పోదాం" అనెను. కేలాంగ్ మూడువేల మీటర్లకు కొంచెము పైన నున్నది. సర్చూ 4,290 మీటర్లు. మూడువేల మీటర్లు దాటిన పిమ్మట నిద్రించు తావును దినమునకు అయిదువందల మీటర్లకంటె ఎక్కువ పెంచరాదని వైద్యులు చెప్పుదురు. మేము రెండువేల మీటర్ల మనాలిలో లేచి, నాలుగువేలకు పైబడిన సర్చూలో పండుకొనదలచితిమి. ఆ నియమమును మేము ప్రయాణమునకు ముందు చదివియే యుంటిమి. కాని సర్చూ గుడారములకు సొమ్ము చెల్లించి యుంటిమి; సెలవులు తరగుచుండెను. డ్రైవరు మాటపై ఆర్గురి అభిప్రాయములు అడిగిరి. ఆర్గురమును ముందునకే అంటిమి. ఆ ఆర్గురిలో మేమును ఒకరమని వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము.

దార్చా దాటిన పిమ్మట ఒక వాగు రోడ్డు నడుమనుండి పాఱుచుండెను. ఎండకు మంచు కరగుటచే మధ్యాహ్నమునుండి యిట్టి వాగులు పొంగును, తెల్లవారుజామున తగ్గును. కూలీలు రాళ్లు పేర్చి దారి చేయువఱకు మమ్ములను నిలిపిరి. ఈ రోడ్లను చూచుచున్నది 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ. వానిపై రాళ్లు మోయువారిలో పెక్కురు జార్ఖండ్ రాష్ట్రములోని దుమ్కా ప్రాంతమునుండి ఏటేట వచ్చు సంతాలులు. మాకు దారి చేసినవారిలో ఒకడు, మా వ్యాయామోపాధ్యాయుడు కారునకు చేరగిలబడి యుండుట చూచి, "తల నొస్తోందా బాబూ?" అని హిందీలో నడిగెను. మిత్రుడు నవ్వి లేదనెను. ఆ కూలి వానిని మఱికొంతసేపు పరికించి మాతో, "మొదటి ఏడు మాకూ నొచ్చింది. చెప్పినవాళ్లు కూర్చున్నారు, లేచారు. మా డేరాలో ఒకడు చెప్పలేదు. వాణ్ణి మోసుకుని దిగాం" అని పార అందుకొనెను. మేము వానికి రెండు బిస్కత్తు పొట్లములిచ్చి, మాట నక్కడనే విడిచి, ముందునకు సాగితిమి.

బారాలాచా కనుమ దాదాపు 4,890 మీటర్ల ఎత్తున నున్నది. దానికి కొంచెము ముందు సూరజ్‌తాల్ అను సరస్సు. భాగానది పుట్టినది అందుండియే. నీరు సగము గడ్డకట్టి, సగము నీలమణివలె నుండెను. కాళిదాసు హిమాలయమును భూమిని కొలుచు దండముగ నెన్నినాడు. మేమన్ననో కనుమపైనున్న పలక వద్ద నిలిచి, అందు వ్రాసిన అంకెలతో మమ్ము మేము కొలుచుకొని ఛాయాచిత్రములు తీసికొంటిమి. వ్యాయామోపాధ్యాయుడు చిత్రములో నవ్వుచునే యున్నాడు. ఇప్పుడు చూచినచో ఆ నవ్వులో పెదవులు నీలముగ నున్నవి.

ఇక్కడ పసరు సంగతి కొంత చెప్పవలెను. ఎత్తునకు పోయిన కొలది గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు. గాలి యొత్తిడియే తగ్గును. సర్చూ వంటి చోట సముద్రతీరమున ఊపిరికి దొరకు ప్రాణవాయువులో దాదాపు అయిదింట మూడు వంతులే దొరకును. దేహమున కిది తెలియును. అది శ్వాసను త్వరపెట్టును, మూత్రపిండములచే రక్తమును సరిదిద్దుకొనును, క్రమముగ ఎఱ్ఱకణములను పెంచుకొనును. కాని వీనికి దినములు కావలెను. కాలినడకను పోవువానికి అలసటయే ఆ దినములను తెచ్చిపెట్టును. వాడు కోరకయే మజిలీ చేయును. కారు అలసట నపహరించి, అలసటతోపాటు ఆ గడువును కూడ అపహరించుచున్నది. మనిషి సాయంకాలమునకు చేరును. దేహము మూడుదినములు వెనుకబడి వచ్చుచుండును. కండబలము దీనికి సహాయము కాదు. ప్రతిదినము అయిదుమైళ్లు పరుగెత్తువాడైనను, మావలె కూర్చుండి పాఠము చెప్పువాడైనను ఈ విషయమున సమానులే.

రాత్రి భోజనమునకు వ్యాయామోపాధ్యాయుడు రాలేదు. "ఏమీ లేదు మాస్టారూ, నిద్ర చాల్లేదంతే" అనెను. పదిగంటలకు వాంతి. పదకొండుగంటలకు మేము నీరిచ్చినప్పుడు గ్లాసునకు బదులు మా మణికట్టును పట్టుకొనెను. డ్రైవరును లేపితిమి. అతడు గుడారములోని చాపయంచును చూపి, దాని వెంట మడమకు వ్రేళ్లు తాకునట్లు నడువుమని మిత్రునికి చెప్పెను. ఏటేట క్రీడాదినోత్సవమున సున్నముతో గీతలు గీయించి పిల్లలను పరుగెత్తించిన మనిషి ఆ గీతపై నాలుగడుగులు వేయలేక ప్రక్కకు కూలెను. డ్రైవరు "దిగాలి. ఇప్పుడే" అనెను.

సర్చూలోని చిక్కు అప్పుడు మాకు తెలిసినది. అది రెండు కనుమల నడుమ నున్న పళ్లెము. ముందునకు పోయిన లాచుంగ్‌లా అయిదువేల మీటర్లకు పైమాటే. వెనుకకు పోవలెనన్న బారాలాచా. దిగవలెనన్న మొదట ఆఱువందల మీటర్లు ఎక్కి తీరవలెను! పగటివేళ మమ్ము నవ్వుచు పైకి తెచ్చిన త్రోవ తలుపు మూసికొని నిలిచెను. ప్రవరుడు తన పాదములను చూచుకొన్న క్షణమును మేము ఎన్నిమాఱులో విపులముగ వ్యాఖ్యానించియుంటిమి. ఆ రాత్రి దానికి వ్యాఖ్య అక్కఱలేకపోయెను.

రెండవకారు మిత్రులలో ఒకరు తెల్లవాఱనిమ్మనిరి. చీకటిలో వాగులు దాటుట సాహసమనిరి. ఆ మాటలో తప్పులేదు. కాని తెల్లవాఱుటకు ఆఱుగంటలున్నవి. గుడారముల యజమాని తనయొద్దనున్న ప్రాణవాయువు సిలిండరును మాఱుమాటాడక కారులో పెట్టించెను. రాత్రి ఒంటిగంటకు డ్రైవరు, మేము, మిత్రుడు బయలుదేఱితిమి. బారాలాచామీద మిత్రుడు మమ్ములను తన అన్నగా భావించి, ఊరిలోని గేదెను గూర్చి ఏమో చెప్పుచుండెను. మేము ఊ కొట్టుచుంటిమి. ఆయన మాటలాడుట మానిన రెండు మూడు నిముషములు మా జీవితములో మఱి రాకుండుగాక. వాగులవద్ద డ్రైవరు దిగి, దీపము వెలుగున నీటిలో నడచి లోతు చూచి, మఱల ఎక్కి నడపెను. పగటివేళ కూలీలు రాళ్లు పేర్చిన చోట చక్రములు జాఱలేదు.

తెల్లవాఱుచుండగా కేలాంగ్ ఆసుపత్రి చేరితిమి. మెదడు వాచుట ఆరంభమైనదనియు, అక్కడనే పొద్దెక్కువఱకు ఉంచియుండినచో చెప్పజాలమనియు వైద్యుడనెను. ప్రాణవాయువు, ఔషధము, అన్నిటిని మించి దిగివచ్చిన ఆ వేయి మీటర్లు పనిచేసినవి. రెండవనాటికి మిత్రుడు లేచి కూర్చుండి గంజి త్రాగెను.

ఆనాడు అడిగితిమి. "తలనొప్పి ఎప్పుడు మొదలయినది?" దార్చాకు ముందే యనెను. "చెప్పలేదేమి?" కొంతసేపు గోడవైపు చూచి, "డ్రిల్లు మాస్టారికే తలనొప్పి అంటే నవ్వరా? అందరి డబ్బూ నా మూలాన పోతుందనిపించింది. మీరు ప్రార్థనలో చెప్పే కథొకటుంది కదా, దాంతో సర్దిచెప్పుకున్నాను" అనెను.

ఆ కథ యిది. ఒక ఆగస్టు 15వ తేదీని జెండావందనమున ఒక పిల్లవాడు జ్వరముతో ఎండలో గంటసేపు నిలిచి, జాతీయగీతము ముగిసిన పిమ్మటనే సొమ్మసిల్లి పడెను. ఓర్పునకు నిదర్శనముగ ఆ పిల్లవానిని మేము ఏటేట ప్రార్థనాసమావేశమున పొగడుచుంటిమి. వాడు పది దినములు మంచము పట్టిన సంగతి కథలో చెప్పెడివారము కాము.

మనయిండ్లలో ఓర్పు అను మాటను ఎవరికి ఎక్కువగ వాడుచున్నామో చూడుడు. కడుపునొప్పిని నెలలతరబడి దాచి వంటచేయు గృహిణిని ఓర్పుగలదందుము. కూలిపోవునని దగ్గును మ్రింగు పనివానిని కష్టజీవి యందుము. మౌనముగ బాధపడు పిల్లవానిని బుద్ధిమంతుడందుము. తొలగింపరాని కష్టమును సహించుట ఓర్పు. దానికి మేమును నమస్కరింతుము. తొలగింపదగిన కష్టమును దాచిపెట్టుట ఓర్పుకాదు, భయము. చెప్పినచో నవ్వుదురను భయము, భారమగుదుమను భయము, వెనుకబడుదుమను భయము. ఆ భయమునకు మనము సద్గుణమని పేరుపెట్టి బహుమానములు పంచుచున్నాము. అక్షరజ్ఞానము లేదని మేము తలచిన ఆ కూలి ఈ భేదమును రెండు వాక్యములలో చెప్పెను. రెండు భాషలు చదివిన మేము బిస్కత్తులిచ్చి వచ్చితిమి.

రెండవకారు మిత్రులు, గుడారములలో ఇంకొక దినము నిలిచి, లేహ్ చేరిరి. తంగ్లంగ్‌లా పలకవద్ద తీసికొన్న చిత్రమును పంపిరి. మేమిరువురము కేలాంగ్‌లో నాలుగు దినములుండి తిరిగివచ్చితిమి. లేహ్ చూచితిరా యని అడుగువారికి చూడలేదని చెప్పుచున్నాము.

పాఠశాల తెరచిన పిమ్మట ఆ జెండావందనపు కథను మానితిమి. దాని బదులు ప్రార్థనకు ముందు, "ఎవరికైనను ఒంట్లో బాగులేదా? చేయెత్తి నీడకు పొండు" అని అడుగుట మొదలుపెట్టితిమి. మొదటి వారము ఒక్క చేయియు లేవలేదు. వ్యాయామోపాధ్యాయుడే ఒకనాడు తన చేయెత్తి, పోయి వేపచెట్టు క్రింద కూర్చుండెను. అప్పటినుండి దినమునకు ముగ్గురు నలుగురు చేతులెత్తుచున్నారు. వారిలో ఒకరిద్దరు అబద్ధమాడుచున్నారని మేమెఱుగుదుము. ఆ మాత్రము ఓర్చుకొందుము.